మైనస్ 30 చలిలో, జేబులో, పడవలో ఎక్కడ పడేసినా బతికే పొగాకు పైపు ఏది?

కందుకూరోడు (ఆల్బర్టా, కెనడా)

అందరికీ నమస్తే. నేను ఉత్తర ఆల్బర్టాలో సర్వే జట్టుతో తిరుగుతా. మాకు చలికాలమే సీజను. ఇక్కడి చిత్తడి నేలలు గడ్డకడితే గానీ బండ్లు కదలవు మరి. మైనస్ 30 అంటే మాకు మామూలు రోజు. ఎండాకాలం సెలవుల్లో చిన్న పడవేసుకుని నదుల మీద పోతా, రాత్రిళ్ళు ఒడ్డునే గుడారం.

సిగరెట్టు ఈ చలికి పనికిరాదు. చేతితొడుగులతో పట్టుకోలేం, గాలికి నాలుగు దమ్ములు లాగేలోపు కాలిపోద్ది. అందుకే పైపు పట్టా. మొన్న స్నోమొబైల్ దిగుతుంటే కోటు జేబులోనే ఠప్పుమంది. తీసి చూస్తే పొగాకు నింపే గిన్నె, అదే బౌల్, దాని మీద గీత కూడా లేదు. నోట్లో పెట్టుకునే నల్లగొట్టం మాత్రం విడిగా ఊడొచ్చింది. దాని చివర చెక్కలోకి దూరే సన్నముక్క విరిగి లోపలే బిగుసుకుపోయింది.

ఇంకోటి కొనాలి. అందంతో పనిలేదు. కింద పడతది, తడుస్తది, గడ్డకడతది, అయినా మళ్ళీ వెలగాలి. పొగాకు సంగతి నాకు చెప్పక్కర్లేదు, పొగాకు ఆరబెట్టే బ్యారన్ల మధ్య పుట్టి పెరిగినోణ్ణి. పైపు సంగతి చెప్పండి.

లంక చుట్ట (రాజమండ్రి)

చుట్ట కాల్చండి. విరగడానికి అందులో ఏముంటుంది?

కందుకూరోడు

బాబాయ్, ఇక్కడి పొడిగాలికి చుట్ట పెళుసెక్కి పై ఆకు పొట్టు పొట్టుగా ఊడిపోద్ది. జేబులోంచి తీసేసరికి చేతికి నుసి మిగులుద్ది.

ఓడ ఇంజనీరు (విశాఖపట్నం)

తమ్ముడూ, ఎక్కువ ఆలోచించకు. మొక్కజొన్న కండె పైపులు రెండు కొని పడెయ్. ఒకటి పోతే రెండోది. రెండూ పోయినా ఏడవక్కర్లేదు, ఖరీదు అంత తక్కువ.

ఇవేదో బొమ్మ పైపులు అనుకునేవాళ్ళు ఉన్నారు. అమెరికాలో మిస్సోరి రాష్ట్రంలో వాషింగ్టన్ అనే చిన్న ఊరుంది (రాజధాని కాదు), అక్కడ 1869 నుంచి ఇవే చేస్తున్నారు. హెన్రీ టిబ్బీ అని హాలెండ్ నుంచి వలస వచ్చిన కర్రపనివాడు మొదలుపెట్టాడు. కండె పైనున్న గుంటల్ని ప్లాస్టర్ ఆఫ్ పారిస్‌తో పూడ్చి నున్నగా చేసే పద్ధతికి 1878లో పేటెంటు తీసుకున్నారు. ఆ కంపెనీ పేరు మిస్సోరి మీర్‌షామ్. రెండో ప్రపంచయుద్ధం నాటి అమెరికా జనరల్ మెకార్థర్ ఫోటోల్లో కనపడే పొడుగు పైపు వాళ్ళదే.

కండె బరువుండదు, చేతికి వేడి తగలనివ్వదు, లోపలి తడిని తనే పీల్చుకుంటుంది. బ్రయర్ చెక్క పైపు లాగా కొత్తలో వారాల తరబడి మచ్చిక చేసుకునే బాధ లేదు, మొదటి రోజే బాగా కాలుతుంది. నేను డెక్ మీద వాడేది ఇదే. సముద్రంలోకి జారినా ఒక మాట తిట్టుకుని ఊరుకుంటా.

కరీంనగర్ పోరడు

ఇంజనీరన్నా, మా చేన్ల మస్తు మక్కజొన్న ఉంది. ఎండిన కండెకు బొక్క పెట్టి మనమే చేసుకుంటే కాదా?

ఓడ ఇంజనీరు

ఒకపూట సరదాకి అవుతుంది. మన హైబ్రిడ్ రకాలు గింజ కోసం పెంచినవి, వలిచాక కండె బొటనవేలంత మిగులుతుంది, అదీ లోపల బెండు. వాళ్ళు లావుపాటి గట్టి కండె వచ్చే రకాన్ని పైపుల కోసమే పండించి, రెండేళ్ళదాకా ఆరబెట్టి అప్పుడు మరమీద ఎక్కిస్తారు.

పాత పైపుల రిపేరు (హైదరాబాద్)

కందుకూరోడు గారూ, మీ ప్రశ్నలోనే సగం జవాబుంది. బౌల్‌కి ఏమీ కాలేదన్నారు కదా. నా బల్ల మీదికి వచ్చే విరిగిన పైపుల్లో ఎక్కువ ఇలాగే వస్తాయి. జనం కొనేటప్పుడు బౌల్ ఏ చెక్క, ఎంత మందం అని అడుగుతారు. విరిగేది మాత్రం అతుకు దగ్గర.

ముందు బౌల్ గురించి కొంచెం. బ్రయర్ అంటే మధ్యధరా సముద్ర తీరంలో పెరిగే ఎరికా ఆర్బోరియా అనే పొద వేరుమొదట్లో కట్టే గడ్డ. ఎండకీ, కార్చిచ్చుకీ తట్టుకుని మళ్ళీ చిగురు వేయడానికి ఆ మొక్క దాచుకున్న మూట అది. కోసిన ముక్కల్ని గంటల తరబడి ఉడకబెట్టి పసరు తీసేసి, నెలల తరబడి నీడన ఆరబెడతారు. మామూలు కర్ర మాడిపోయే వేడికి ఇది ఓర్చుకుంటుంది. ఫ్రాన్సులో జూరా కొండల్లోని సెయింట్ క్లాడ్ అనే ఊరు 1850ల నుంచి దీనికి పేరుపడ్డది. కాబట్టి గోడ మందంగా ఉన్న ఏ బ్రయరైనా మీకు చాలు, అక్కడ డబ్బు తగలేయకండి. మీర్‌షామ్ రాయిది మాత్రం చలి ప్రయాణానికి పట్టుకెళ్ళొద్దు. టర్కీలో ఎస్కిషెహిర్ దగ్గర తవ్వే ఆ తెల్లరాయి వేడికి దిట్టే, కానీ ఒక్కసారి జారిపడితే చేతికి ముక్కలే వస్తాయి. మట్టి పైపుదీ అంతే.

ఇక అతుకు. మామూలు పైపులో గొట్టం చివర పెన్సిలంత సన్నటి ముక్క ఉంటుంది, టెనాన్ అంటారు. అది చెక్క మెడలోని రంధ్రంలోకి బిగుతుగా దిగుతుంది. జేబులో పైపు అడ్డం తిరిగినా, మీరు దానిమీద కూర్చున్నా ఆ బలమంతా ఆ సన్నముక్క మీదే పడుతుంది. మీది అక్రిలిక్ అయి ఉండాలి. అక్రిలిక్ మెరుపు తగ్గదు, రంగు మారదు, కానీ వంగడం దానికి తెలీదు, విరగడమే.

మీకు కావాల్సింది ఆర్మీ మౌంట్. ఇందులో సన్న టెనాన్ ఉండదు. గొట్టం చివరే గాజుసీసా బిరడా లాగా కోసుగా ఉంటుంది, మెడలోకి ఊరికే దూర్చి తిప్పితే కూర్చుంటుంది. మెడ చుట్టూ లోహపు పట్టీ ఉంటుంది కనుక చెక్క చీలదు. దెబ్బ తగిలితే విరగదు, ఊడి వస్తుంది. ఊడింది మళ్ళీ దూర్చుకుంటే సరి. డబ్లిన్‌లో పీటర్సన్ వాళ్ళ సిస్టమ్ పైపులు ఈ తరహావే. చార్లెస్ పీటర్సన్ 1890లో దానికి పేటెంటు తీసుకున్నాడు. మెడ కింద చిన్న గుంట ఉంటుంది, ఊరిన నీరంతా అందులో దిగుతుంది, నోట్లోకి రాదు.

గొట్టం వల్కనైట్‌ది తీసుకోండి. రబ్బరూ గంధకమూ కలిపి ఉడికించిన సరుకు. ఎండకి పచ్చబారి వికారంగా అవుతుంది నిజమే, మీకు అందంతో పనిలేదన్నారుగా. పంటికి మెత్తగా ఆనుతుంది. చేతితొడుగులు వేసుకుని పైపుని పళ్ళతోనే పట్టుకునే మీలాంటి వాళ్ళకి ఆ తేడా సాయంత్రానికి దవడలో తెలుస్తుంది.

ఓడ ఇంజనీరు

అంత ఖరీదైన పీటర్సన్ని నదిలో పడేసుకుంటే?

పాత పైపుల రిపేరు

కొత్తది ఎవరు కొనమన్నారు సార్? వాడిన పైపులు బోలెడు దొరుకుతాయి. పీటర్సనే కానక్కర్లేదు, ఆర్మీ మౌంట్ చాలామంది చేశారు.

కరీంనగర్ పోరడు

నాది ఫాల్కన్. అల్యూమినియం గొట్టం, కింద మర మీద బౌల్ గిరగిర తిప్పి బిగించుడే. బౌల్ కాలిపోతే బౌల్ మార్చు, గొట్టం జిందగీ మొత్తం ఉంటది. 1930లల్ల కెన్లీ బగ్ అని అమెరికా ఇంజనీరు చేసిండు. ఆదిలాబాద్ అడవులల్ల తిరిగినప్పుడు బండ మీద పడ్డది, ఎడ్లబండి కింద పోయింది, గొట్టం జర వంగింది గంతే. దీని ముంగట మీ చెక్కలేంది?

సిక్కోలు ఫౌజీ (శ్రీకాకుళం)

పోరడు తమ్ముడూ, ఆదిలాబాద్ ఎండకి నీ ఫాల్కన్ భేషు. ఈ బాబు అడిగినది చలి కోసం కదా. నేను లద్దాఖ్‌లో ఉజ్జోగం చేసినోణ్ణి, పైపు తాగే అఫీసర్లతోనే తిరిగేవాణ్ణి, నాకూ అలవాటైంది.

చలిలో పైపుకి మొదటి శత్రువు దెబ్బ కాదు, నీరు. పొగాకు కాలితే ఆవిరి వస్తాది. ఆ ఆవిరి మెడలో చల్లబడి నీరవుతాది. మన ఊళ్ళో అయితే గుడగుడమని సప్పుడొస్తాది, దులిపేస్తాం. అక్కడైతే కాల్చడం ఆపిన కాసేపటికే అది మంచైపోయి దారి మూసుకుపోద్ది. మళ్ళీ ఎలిగిద్దామంటే గాలి లాగదు. లోహం గొట్టం పొగని ఇంకా తొందరగా చల్లారుస్తాది, దాన్లోనే ఎక్కువ నీరు. పైగా ఉత్త చేత్తో ఆ గొట్టం ముట్టుకుంటే చర్మం అంటుకుంటాది. నోట్లో పెట్టే ముక్క ప్లాస్టిక్కే అనుకో, కానీ పెదిమ జారి గొట్టానికి తగిలినోడికి తెలుస్తాది.

అందుకే కాల్చడం అయిపోగానే, బౌల్ ఇంకా వెచ్చగా ఉండగానే, గొట్టం లాగేసి రెండు ముక్కల్నీ గట్టిగా విదిలించి, పీచు పుల్ల దూర్చి తుడిచేయాల. అప్పుడు లోపలి చొక్కా జేబులో పెట్టుకోవాల, పై కోటు జేబులో కాదు. ఎలిగించే ముందు కూడా కాసేపు అరచేతుల మధ్య వెచ్చబెట్టాల. ఐసులాటి గిన్నెలో నిప్పు పెడితే ఎలాటి చెక్కైనా ఎప్పుడో ఒకప్పుడు పగుల్తాది.

పాత పైపుల రిపేరు

ఫౌజీ గారు చెప్పిన దాంట్లో అసలు కీలకం ఉంది, చదివేవాళ్ళు దాటేయకండి. మామూలు టెనాన్ పైపుని వేడిగా ఉండగా విప్పకూడదు. వేడికి చెక్కా గొట్టమూ ఒకే తీరులో సాగవు, లాగితే మెడ పగులుతుంది, లేదా అతుకు శాశ్వతంగా వదులైపోతుంది. చల్లారేదాకా ఆగమంటారు అందరూ. మీ చలిలో చల్లారేదాకా ఆగితే లోపల మంచు. అంటే వేడిగా ఉండగానే విప్పగలిగే పైపు మీకు సౌకర్యం కోసం కాదు, తప్పనిసరి. ఆర్మీ మౌంట్ మాత్రమే దానికి ఒప్పుకుంటుంది. కండె పైపుల్లో గొట్టం ఊడదీయడం తేలికే, కానీ కింది చెక్క మెడని కండెకి జిగురుతో అతికిస్తారు. పదేపదే తడిసి గడ్డకడితే ఆ జిగురు వదులుతుంది.

ఓడ ఇంజనీరు

సరే, చలికాలానికి మీ మాటే. పడవలో మాత్రం కండె పైపే తీసుకెళ్ళు తమ్ముడూ. కొనేటప్పుడు లోపలికి చూడు. చవక రకాల్లో మెడ కర్ర బౌల్ మధ్యదాకా పొడుచుకొచ్చి ఉంటుంది, అది ముందు మాడుతుంది. అడుగున గట్టికర్ర బిళ్ళ బిగించిన రకం తీసుకో.

కందుకూరోడు

ఇంత విషయం ఉందా! ఇంకో రెండు అడుగుతా. ఒకటి, లైటరు. చలికి నా గ్యాస్ లైటర్ వెలగదు. రెండు, గాలి. మా దగ్గర అడ్డం ఏమీ ఉండదు, దమ్ము లాగకుండానే బౌల్ కొలిమిలాగా ఎర్రబడుద్ది.

ఓడ ఇంజనీరు

బ్యూటేన్ మరిగేది మైనస్ 0.5 డిగ్రీల దగ్గర. అంతకంటే చల్లబడితే అది ద్రవంగానే కూర్చుంటుంది, గ్యాసు ఎక్కడిది? లోపలి జేబులో ఒంటి వేడికి పెట్టుకుంటే ఒకటి రెండుసార్లు పలుకుతుంది. పెట్రోలు రకం, అంటే జిప్పోలాంటిది, చలిలో నయం, కానీ కొద్దిరోజులకే దూదిలోంచి ఆవిరైపోతుంది, సీసా వెంట ఉండాలి. పైపు కోసం పక్కన రంధ్రమున్న లోపలి భాగం విడిగా అమ్ముతారు. ఏదున్నా సరే, నీళ్ళు దూరని డబ్బాలో అగ్గిపెట్టె తప్పకుండా పెట్టుకో.

సిక్కోలు ఫౌజీ

గుడారం ముందు మంట ఉంటే లైటరెందుకు? చిన్న నిప్పుకణిక పట్టకారుతో తీసి బౌల్ మీద పెట్టు. మా తాత చుట్టకి అలాగే అంటించేవాడు. చెకుముకి రాయో, ఆ కొత్త మెగ్నీషియం కడ్డీయో నేరుగా పొగాకు మీద గీస్తే అంటుకోదు, ముందు దూదికో బెరడు పీచుకో అంటించి కణిక చేసుకోవాల.

పాత పైపుల రిపేరు

గాలి సంగతి. బౌల్ మీద చిల్లులున్న లోహపు మూత పెట్టుకోండి, గాలిమూత. ఆల్ఫ్రెడ్ డన్‌హిల్ 1904లో ముందువైపు గోడ ఎత్తుగా పెంచిన పైపుకి పేటెంటు తీసుకున్నాడు, పైకప్పు లేని మోటారుకార్లు నడిపేవాళ్ళ కోసం. బాధ అప్పటిదీ ఇప్పటిదీ ఒకటే. గాలి నిప్పుని ఎగదోస్తే ఒకేచోట చెక్క కాలి గోడకి చిల్లి పడుతుంది. బయట పట్టుకుంటే ఒకచోట మాత్రమే చురుక్కుమంటోందా, అక్కడ లోపల చెక్క కాలుతున్నట్టే, వెంటనే ఆపేయండి.

కొత్త బ్రయర్‌కి లోపల మసిపొర కట్టనివ్వండి, అదే కవచం. ఒకటి ఒకటిన్నర మిల్లీమీటర్లు చాలు. ఇంకా మందమైతే వేడికి చెక్క కంటే ఎక్కువ సాగి బౌల్నే పగలగొడుతుంది. అడుగున చెక్క తినేసి గుంట పడితే చుట్ట బూడిదని నాలుగు చుక్కల నీళ్ళతో వెన్నముద్దలా కలిపి మెత్తి, పూర్తిగా ఆరనివ్వండి. పాశ్చాత్యులు సిగార్ బూడిదతో చేస్తారు. లంక చుట్ట బాబాయ్ గారి సరుకు ఇక్కడ పనికొస్తుంది.

లంక చుట్ట

చూశారా. మొదటే చెప్పాను చుట్ట కాల్చమని.

ఏటికొప్పాక మర (అనకాపల్లి జిల్లా)

నమస్కారం. మేము మరమీద లక్కబొమ్మలు చేస్తాం. ఇక్కడికొచ్చే టూరిస్టులు మమ్మల్ని కూడా అడుగుతుంటారు, మీ కర్రతో పైపు చెయ్యరా అని. చెయ్యం. మాది అంకుడు కర్ర, మెత్తగా నున్నగా దిగుతుంది, బొమ్మకి బంగారం లాంటిది, నిప్పు పెట్టే గిన్నెకి కాదు. పైగా మా రంగు లక్క. తిరుగుతున్న బొమ్మకి లక్కకడ్డీ ఆనించి ఒత్తితే ఆ రాపిడి వేడికే కరిగి పట్టుకుంటుంది, తర్వాత మొగలిరేకుతో మెరుగు పెడతాం. రాపిడి వేడికే కరిగేది పైపు వేడికి చేతికి అంటుకోదా? పొగాకు అదుముకునే పుల్ల కావాలంటే చేస్తాం, మంచి రంగుల్లో.

కందుకూరోడు

పుల్ల నాకొకటి కావాలి సార్. నిజంగానే. ఊరికి వచ్చినప్పుడు తీసుకుంటా.

ఊపిరితిత్తుల డాక్టర్ (గుంటూరు)

పొగాకు ఊళ్ళో ఉంటూ ఈ మాట చెప్పడం నాకు రోజూ పనే, తిట్టుకోండి. చలిలో పొగతాగేవాళ్ళకి ప్రత్యేకంగా ఒక సంగతి. నికోటిన్ వేళ్ళ చివర్ల రక్తనాళాల్ని ముడుచుకునేలా చేస్తుంది. మైనస్ 30లో చేతితొడుగు తీసి పైపు నింపుకుంటూ అదే సమయంలో నికోటిన్ ఎక్కిస్తే, మంచుకాటుకి దారి మీరే వేసినట్టు. వేళ్ళు తెల్లబడి స్పర్శ తగ్గితే పైపు పక్కనబెట్టి ముందు చేతులు వెచ్చబరచండి. రెండోది, కార్బన్ మోనాక్సైడ్. ఆక్సిజన్ కంటే రెండు వందల రెట్లకు పైగా బలంగా రక్తంలోని హిమోగ్లోబిన్‌ని పట్టుకుంటుంది. లద్దాఖ్ లాంటి ఎత్తుల్లో అసలే ఆక్సిజన్ తక్కువ. జిప్పు బిగించిన గుడారంలో స్టవ్ వెలిగించి, పైన పైపు కూడా కాల్చడం ఎట్టి పరిస్థితుల్లో వద్దు.

పైపు పొగ మింగం కాబట్టి ఏమీ కాదనేవాళ్ళకి: నోటి క్యాన్సర్‌కి ఊపిరితిత్తులతో పనిలేదు. ఉత్తరాంధ్రలో అడ్డపొగ, అంటే చుట్ట నిప్పున్న కొస నోట్లో పెట్టుకుని, తాగే ఆడవాళ్ళ అంగిళ్ళు చూసినవాళ్ళకి ఇది వేరే చెప్పక్కర్లేదు.

సిక్కోలు ఫౌజీ

డాక్టరు గారు చెప్పినది నిజం. మా అప్ప అడ్డపొగ తాగేది. ఆ కథ ఇక్కడ వద్దులెండి.

కందుకూరోడు

డాక్టర్ గారూ, థాంక్స్. చేతితొడుగు తీయకుండా నింపుకునే మార్గం చూస్తా. గుడారంలో కాల్చను.

పాత పైపుల రిపేరు

దానికో ఉపాయం. ఉదయం ట్రైలర్లోనే రెండు పైపులూ నింపి పెట్టుకోండి. లేదంటే ఒక్కో బౌల్‌కి సరిపడా పొగాకు పల్చటి కాగితంలో చుట్టి పొట్లాలుగా వెంటబెట్టుకోండి, పొట్లం పొట్లంగానే బౌల్లోకి దూర్చొచ్చు. పొడి కోత పొగాకు మీ గాలికి గంటలో పిండిపిండి అవుతుంది. గట్టిగా ఒత్తిన ప్లగ్ గానీ, తాడులా పేనిన రకం గానీ అయితే చాలాకాలం తేమ నిలుపుకుంటుంది. నావికులు అదే వాడేవాళ్ళు, కత్తితో పలచగా కోసుకునేవాళ్ళు.

చరిత్ర పిచ్చోడు (డల్లాస్)

మీరంతా పైపు విరగడం గురించే మాట్లాడుతున్నారు. 1916లో అంటార్కిటికా యాత్రలో ఓడ మునిగిపోయిన షాకిల్టన్ మనుషులు 22 మంది ఎలిఫెంట్ దీవిలో తలకిందులు చేసిన పడవల కింద ఏప్రిల్ నుంచి ఆగస్టు 30 దాకా బతికారు. వాళ్ళ దగ్గర అయిపోయింది పైపులు కాదు, పొగాకు. ఆఖరికి బూట్లలో వెచ్చదనం కోసం కూరే ఎండుగడ్డిని కూడా పైపుల్లో పెట్టి కాల్చి చూశారు.

కరీంనగర్ పోరడు

గడ్డి తాగిన్రా! గా పైపులు ఏం పైపులో చెప్పున్రి, గవే కొందాం.

కందుకూరోడు

నేను చివరికి అనుకున్నది ఇది. చలికాలానికి వాడిన ఆర్మీ మౌంట్ బ్రయర్, పొట్టిది, తిన్నగా ఉండేది, వల్కనైట్ గొట్టంతో. పడవకి కండె పైపు. గాలిమూత ఒకటి. ఇక్కడ ఒక పాత సామాన్ల కొట్లో అలాంటి బ్రయర్ కనపడింది, పట్టీ మీద మాత్రం నల్లటి మచ్చలున్నాయి. ఏం చూసి కొనాలి?

పాత పైపుల రిపేరు

పట్టీ మచ్చలు వదిలేయండి, వెండి అయితే నల్లబడుతుంది, గుడ్డతో రుద్దితే పోతుంది. గొట్టం తీసి పట్టీ లోపలి అంచున చెక్క చూడండి, వెంట్రుకంత చీలిక ఉన్నా వద్దు. కొన్నిసార్లు చీలిక దాచడానికే తర్వాత పట్టీ వేయించి ఉంటారు. అలాంటి పట్టీ మెడ మీద కొంచెం వంకరగా, అంచు చెక్క కంటే ఎత్తుగా కనపడుతుంది. బౌల్లో ఫోన్ టార్చ్ వేసి మసిపొర మీద చీలిక గీతలున్నాయేమో చూడండి. బయటివైపు అరచేత్తో తడమండి, ఎక్కడైనా చెక్క గరుగ్గా, మాడిన రంగులో తగిలితే లోపల కాలింది. ఆఖరున గొట్టం దూర్చి, బౌల్ మీద అరచెయ్యి మూసి గాలి లాగండి. అరచేతిని పట్టి లాగిందా, అతుకు బాగుంది. సుయ్‌మని అతుకు దగ్గర గాలి లోపలికి దూరుతోందా, ధర సగానికి అడగండి. గొట్టం పచ్చబారి ఉంటే అదీ బేరానికి పనికొస్తుంది.